మిగిలింది ఎన్ని మిల్లీలీటర్లు?

నల్లగొండ జిల్లాలో ఇకమీదట అన్నం వడ్డించే అధికారం గంటెకు ఉండరాదని మనవి. ఎవరికి రోజుకు ఎంత తిండి కావాలో చెప్పే పట్టిక ఉండగా గంటె పెత్తనమేంది? ఆ పట్టిక దూరంలో కూడా లేదు, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే ఉంది. 2020 నాటి ఆ లెక్కలో 65 కిలోల మగమనిషికి, కూర్చుని చేసే పనైతే, రోజుకు 2110 కిలోక్యాలరీలు. 55 కిలోల ఆడమనిషికి, మధ్యస్థ శ్రమైతే, 2130.

వ్యవసాయ కూలి ఏ గడిలోకి వస్తుందంటే, మధ్యస్థ శ్రమలోకే. బరువు శ్రమ గడి రాళ్లు కొట్టేవాళ్లకు, గనుల్లో దిగేవాళ్లకు. కాబట్టి మిర్యాలగూడ ఆయకట్టులో పొద్దుగూకేదాకా వంగి నాటేసొచ్చిన ఆమెకూ, అరుగు మీద పేకముక్కలు కలిపిన ఆయనకూ తేడా 20 కిలోక్యాలరీలు. చిన్న చెంచాడు చక్కెర. ఆయన చాయ్‌లో రెండు చెంచాలు వేసుకుంటాడు. ఒంటి బరువులో పది కిలోల తేడా ఉంది కనుక శాస్త్రం తప్పేమీ లేదు. నడుం నొప్పికి క్యాలరీలు ఉండవు.

కడుపుతో ఉంటే 350 కలపాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600, తర్వాతి ఆరు నెలలు 520. ఈ 600 అంటే సుమారు 170 గ్రాముల బియ్యం. ఇంట్లో ఈ సంగతి తెలిసింది చంటిబిడ్డ ఒక్కదానికే. అది ఏడ్చి మరీ వసూలు చేసుకుంటుంది.

ఇక తిన్నది కొలిచే పద్ధతి. సర్వేవాళ్లు కొలత గిన్నెలు పట్టుకొచ్చి గడిచిన 24 గంటల తిండి అడుగుతారు. పొయ్యి మీదికి పోయిన బియ్యం ఎంత, ఉడికాక అన్నం ఎన్ని మిల్లీలీటర్లు, ఎవరి కంచంలో ఎన్ని. కిలో బియ్యం 3000 మిల్లీలీటర్ల అన్నమైతే, 450 తిన్నవాళ్లు 150 గ్రాముల బియ్యం తిన్నట్టు. సుమారు 525 కిలోక్యాలరీలు. అట్లగాక ఉడికిన అన్నాన్ని తూచి పచ్చి బియ్యం అంకెతో గుణిస్తే నీళ్లకూ క్యాలరీలు వస్తాయి, మనిషి కాగితం మీద లావెక్కుతాడు. బోనాల మర్నాడు అడిగితే ఊరంతా బలిసినట్టే, అందుకే ఒక్కరోజుతో సరిపెట్టొద్దంటారు.

అసలు చిక్కు జవాబు దగ్గర.

"అక్కా, నిన్న రాత్రి నువ్వెంత తిన్నవ్?"

"అందరు తిన్నంక మిగిలింది తిన్న."

మిగిలింది అనే గిన్నె సెట్టులో లేదు. ఆయన మరుపు ఇంకో రకం. రెండు జొన్నరొట్టెలు అంటాడు. పొద్దుమీకి తాగిన కల్లు, దాంతో బుక్కిన గుడాలు లెక్కలోకి రావు. చిన్న చెంచాడు నూనెకు 45 కిలోక్యాలరీలు, మిర్చి బజ్జీ పీల్చిన నూనె ఎవరికి యాదికుంటది?

ఇదంతా ఎందుకని ఇంటి తిండి మొత్తం కొలిచి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి వేసిన ప్రమాణాల మొత్తంతో భాగించే పద్ధతీ ఉంది. పాత పట్టికలో కూర్చున్న మగమనిషి 1.0, మధ్యస్థ శ్రమ చేసే ఆడమనిషి 0.9, 1–3 ఏళ్ల పిల్ల 0.4. భాగహారం ముచ్చటగా కుదురుతుంది, ఇల్లంతా కడుపునిండ తిన్నట్టు తేలుతుంది. ఆ 0.9 వంతు ఆమె కంచంలో పడ్డదా లేదా కుండ అడుక్కే తెలుసు.

అందువల్ల వడ్డన వరుసను తిరగేయాలని ప్రతిపాదన. ముందు నాటేసొచ్చిన బాలింత, 2730. తర్వాత 16–18 ఏళ్ల బిడ్డ, 2500. అదే ఈడు కొడుకు, 3320. అరుగు మీద ఆయన ఆఖర్న కూర్చుని మిగిలింది తింటాడు. ఎన్ని మిల్లీలీటర్లో సర్వేవాళ్లకు ఆయనే చెప్తాడు.