సవరణ: 2020కి ముందు లారీల్లో కంప్యూటర్ ఉండదన్న మాట గురించి

పాత లారీల కొనుగోలు గురించి పోయిన వారం రాస్తూ, 2020 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి ఏదైనా కంప్యూటర్ బెడద లేకుండా నడుస్తుందని చెప్పాను. అది తప్పు, అందుకు మన్నించండి. ఆ తేదీన వచ్చింది బీఎస్-6 (బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణాల్లో ఆరోది) మాత్రమే. అంతకు మూడేళ్ల ముందే, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా తప్పనిసరైన బీఎస్-4 లారీల్లో చాలావాటికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), సెన్సర్లు, ఆ కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్షన్ ఉన్నాయి, కొన్నింటికి పొగలోని కాలుష్యాన్ని తగ్గించే యూరియా ద్రావణం ట్యాంకు కూడా ఉంది.

నా మాట నమ్మి, చీమకుర్తి నుంచి కృష్ణపట్నానికి గ్రానైట్ తోలడానికి 2018 బండిని బేరమాడుతున్న ఒక మిత్రుడితో కలిసి ఒంగోలులోని షెడ్డుకు వెళ్లాను. యూరియా చిమ్మే నాజిల్ చుట్టూ తెల్లగా ఉప్పులా గడ్డకట్టి ఉంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఎంతకీ ఆరలేదు. ఆ బేరం వదులుకోవడమే మంచిదని చెప్పాను.

ఊరి మెకానిక్ స్పానర్లతో విప్పి బాగుచేయగల డీజిల్ పంపు కావాలంటే బీఎస్-4కు ముందటి బీఎస్-3 బండినే వెతకాలి, అందులోనూ బానెట్ ఎత్తి పంపు స్వయంగా చూసుకోవాలి. అవన్నీ ఎనిమిదేళ్లు దాటినవే కనుక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బండి పాతబడేకొద్దీ ఆ రుసుము పెరుగుతుంది. ఆర్సీలో తయారీ నెల చూడకుండా ఎవరూ బయానా ఇవ్వవద్దని కోరుతున్నాను.