యాక్సెస్ డినైడ్ అనగానే తలుపులన్నీ తెరిచేయడమేనా?

దూరపు సర్వర్‌లో నడుస్తున్న జావా ప్రోగ్రాములను గమనించడానికి జేస్టాట్‌డీ అనే టూల్ మొదలుపెడతారు. వెంటనే యాక్సెస్ డినైడ్ (అనుమతి లేదు) అంటూ తెర నిండా ఎర్రర్ లైన్లు. ఇంటర్నెట్‌లో వెతికితే క్షణంలో మందు దొరుకుతుంది: ఏ కోడ్‌కు ఏ హక్కో చెప్పే పాలసీ ఫైలు ఒకటి రాసి ఆల్‌పర్మిషన్, అంటే అన్ని హక్కులూ, ఇచ్చేయమని. ఇచ్చేస్తారు. ఎర్రర్ పోతుంది, గ్రాఫులు కదులుతాయి, టికెట్ మూసేస్తారు. ఈ అలవాటు మానాలి.

ఆ పాలసీ ఫైలునే కాస్త దగ్గరగా చూడండి. ఒరాకిల్ డాక్యుమెంటేషన్‌లోని పాత నమూనా అన్ని హక్కులనూ అందరికీ ఇవ్వలేదు. కోడ్‌బేస్ అని రాసి, టూల్స్ డాట్ జార్ ఫైలులోని కోడ్‌కు మాత్రమే ఇచ్చింది. జావా 9 నుంచి ఆ ఫైలే లేదు. ఆ చోట జేడీకే డాట్ జేస్టాట్‌డీ, జేడీకే డాట్ ఇంటర్నల్ డాట్ జేవీఎంస్టాట్ అనే మాడ్యూళ్ల (కోడ్ భాగాల) పేర్లు రాయాల్సి వచ్చేది. పాత లైనును అలాంటి జావాలో అతికిస్తే ‘ఆ ఫైలు లేదు’ అని జావా చెప్పదు. ఆ హక్కు ఎవరికీ వర్తించదు, అంతే. మళ్లీ అదే యాక్సెస్ డినైడ్. విసిగిపోయిన అడ్మిన్ కోడ్‌బేస్ ముక్కను కొట్టేస్తాడు. ఈసారి పనిచేస్తుంది. ఒక్క పేరు మార్చాల్సిన చోట గోడే పడగొట్టారు కాబట్టి పనిచేస్తుంది.

పైగా ఆ గోడ కూడా ఇక ఉండదు. 2025 మార్చిలో వచ్చిన జావా 24, ఆ పాలసీ ఫైలును అమలు చేసే సెక్యూరిటీ మేనేజర్‌ను శాశ్వతంగా ఆపేసింది. పాలసీ ఫైలు మీద ఆధారపడిన కాపలా అంతా దాంతోనే పోయింది. జేస్టాట్‌డీకి యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి మొదటి నుంచీ లేదు. దాని పోర్టులను చేరగలిగిన ఎవరికైనా తాను చూడగలిగిందంతా చూపిస్తుంది. అందుకే దాన్ని ఏ యూజర్ కింద నడుపుతున్నారన్నదే అసలు ప్రశ్న. ఒక్కో జావా ప్రాసెస్ తన పనితీరు సమాచారాన్ని టెంప్ డైరెక్టరీలో, తన యూజర్ పేరున్న ఫోల్డర్‌లో రాసుకుంటుంది. ఆ ఫైలును చదివే హక్కు ఆ యూజర్‌కే. నడుస్తున్న జావా ప్రాసెస్‌లను చూపే జేపీఎస్ కమాండ్ ఇచ్చే జాబితాలో మీ అప్లికేషన్ కనిపించకపోతే సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కు మారకండి, సుడో కమాండ్‌తో ఆ అప్లికేషన్ యూజర్‌గానే నడపండి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ప్రైవేట్‌టెంప్ (సర్వీసుకు విడి టెంప్ డైరెక్టరీ) పెట్టి ఉంటే యూజర్ సరిగ్గానే ఉన్నా జాబితా ఖాళీగా రావచ్చు. అక్కడ హక్కులు ఎంత పెంచినా తప్పు చోట తవ్వుతున్నట్టే.

జావా ప్రోగ్రాములను గమనించే, నియంత్రించే మరో దారి అయిన జేఎంఎక్స్ దగ్గర ఇంకా బాధ కలుగుతుంది, ఎందుకంటే అక్కడ సరైన తాళం ముందే చేసి పెట్టారు. యాక్సెస్ ఫైలు నమూనాలో మానిటర్‌రోల్‌కు చదవడం వరకే, కంట్రోల్‌రోల్‌కు మార్చడం కూడా. గమనించడానికి మొదటిది చాలు. కానీ పాస్‌వర్డ్ ఫైలును యజమాని తప్ప ఇంకెవరైనా చదవగలిగితే జావా అసలు మొదలే కాదు. దాంతో రూట్‌గా ఫైలు సృష్టించి, 600 (ఓనర్ మాత్రమే చదవగల, రాయగల హక్కు) పెట్టి, ఓనర్‌ను మార్చడం మరిచిపోతారు. అప్లికేషన్ మాత్రం వేరే యూజర్ కింద నడుస్తుంది కనుక ఆ ఫైలును చదవలేదు. ఓనర్‌ను మార్చే చౌన్ కమాండ్‌తో ఒక్క లైనులో తీరే చిక్కు ఇది. దానికి బదులు పాస్‌వర్డ్ అడిగే ఆథెంటికేషన్‌నే ఫాల్స్ చేసి ఆపేస్తారు. అలా తెరిచి పెట్టిన జేఎంఎక్స్ పోర్టు ద్వారా బయటివాళ్లు తమ కోడ్‌ను ఆ సర్వర్‌లోకి ఎక్కించి నడపగలరు. మీటర్ రీడింగ్ కోసం పెట్టిన కిటికీలోంచి ఇల్లే చేతులు మారుతుంది.

విండోస్‌లోనూ ఇదే వరస, అయితే అక్కడ ఎర్రర్ నంబరే చాలా చెబుతుంది. విండోస్ సర్వర్ సమాచారం అందించే డబ్ల్యూఎంఐ కనెక్షన్‌కు 80070005 వస్తే, దూరపు కనెక్షన్లను లోపలికి రానిచ్చే డీకామ్ గుమ్మం దగ్గరే ఆపారు. 80041003 వస్తే ఆ గుమ్మం దాటారు, లోపలి సమాచార విభాగంపై, అంటే నేమ్‌స్పేస్‌పై, హక్కు లేదు. 800706బీఏ వస్తే అది పర్మిషన్ సంగతే కాకపోవచ్చు, ఫైర్‌వాల్‌లో 135, ఆపై 49152 నుంచి 65535 దాకా ఉన్న పోర్టులు చూడాలి. ఈ మూడింటికీ నెట్‌వర్క్ అంతటిపై అధికారమున్న డొమైన్ అడ్మిన్ అకౌంటే మందు అనుకుంటే, మూడో దానికి అదీ పనిచేయదు. సాధారణ గణాంకాలకు కావలసింది కొంచెమే: డిస్ట్రిబ్యూటెడ్ కామ్ యూజర్స్, పెర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ గ్రూపుల్లో సభ్యత్వం, రూట్ సిమ్‌వీ2 నేమ్‌స్పేస్‌పై ఎనేబుల్ అకౌంట్, రిమోట్ ఎనేబుల్ అనే హక్కులు.

అర్ధరాత్రి సర్వీసు పడిపోయినప్పుడు ఇదంతా ఎవరు చేస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కారణం పట్టుకోవడానికి పది నిమిషాలు ఎక్కువ హక్కులు ఇవ్వడంలో తప్పు లేదు, తెల్లారాక వాటిని వెనక్కి తీసుకుంటే. కానీ తాత్కాలికం అన్నవే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

ఎందుకింత పట్టుదల అంటే, మానిటరింగ్ అకౌంట్ అన్ని సర్వర్లలోకీ వెళ్తుంది, రోజంతా వెళ్తుంది, ఎవరికీ అనుమానం రాదు. చొరబడాలనుకునేవాడికి అంతకంటే మంచి దారి ఏముంటుంది? 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ వ్యవహారంలో దాడి చేసినవాళ్లు ఎంచుకున్న ఓరియన్ సరిగ్గా అలాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేరే. కలుషితమైన అప్‌డేట్ దాదాపు 18,000 సంస్థల దాకా చేరింది. అప్‌డేట్‌లో విషం కలవడం ఆ సంస్థల చేతిలో లేదు. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌కు తమ సర్వర్లలో ఎంత అధికారం ఇచ్చామన్నది మాత్రం ప్రతి సంస్థా తానే నిర్ణయించుకుంటుంది. భద్రతా ఆడిట్లు ఉద్యోగుల పాస్‌వర్డ్ పొడవును అక్షరం అక్షరం లెక్కపెడతాయి. ఈ అకౌంట్ దగ్గరికి వచ్చేసరికి ‘సర్వీస్ అకౌంట్’ అని రాసి ముందుకు పోతాయి.

మీ మానిటరింగ్ అకౌంట్‌తో టెస్ట్ సర్వర్‌లోకి వెళ్లి ఏదైనా ఒక సర్వీసును ఆపి చూడండి. ఆగిందంటే హక్కుల కత్తిరింపు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.