ఈఎఫ్ 62 శాతం అట, లేచి నాలుగడుగులు వెయ్యాలట

మా పెద్దబావ ఇందాకే భోంచేసి గుణుపూర్ రైలెక్కేరు. ఆయన అన్న మాట మాత్రం ఇంకా మా ఇంట్లోనే తిరుగుతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు. చదివి పెట్టండి.

ఆయన కొడుకు, మా మేనల్లుడు, ఇంగ్లండులో చదువుతున్నాడు. అక్కడ విడవని నీరసం జబ్బు, అదే క్రానిక్ ఫెటీగ్, ఉన్నవాళ్ళ గుండెల్ని ఎమ్మారైలో చూస్తున్నారట. పోల్చుకోడానికి ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా కావాలంటే మనవాడు పేరిచ్చేడు. ఊపిరి బిగపట్టమన్నప్పుడల్లా బిగపట్టి, ఆ గొట్టంలో, ఆ రొదలో పడుకుని వచ్చేడు. "పిన్ని కోసమే వెళ్ళేను మావయ్యా" అని ఫోన్లో చెప్పేడు. పిన్నంటే మా చెల్లి. దానికీ ఈ జబ్బే. మొన్నామధ్య ఎకో, అంటే గుండెకి అల్ట్రాసౌండ్ స్కాను, తీయించేం. బంగారం లాంటి పిల్లడు. ఎవరి పోలికో తెలీదు.

బావేమో పప్పన్నం కలుపుకుంటూ "సుబ్బరంగా ఉన్నోడికి స్కానేటి? ఆళ్ళకి డబ్బులెక్కువైపోనాయా?" అని ఓ నవ్వు. అక్కడితో ఊరుకుంటే ఆయన బావెలా అవుతారు? మా చెల్లి వైపు తిరిగి, "ఆడికీ నార్మలే, నీ ఎకోలోనూ నార్మలే. మరి నీకేటమ్మా రోగం? మనసు గట్టి చేసుకుని పొద్దున్నే నాలుగడుగులెయ్యి" అన్నారు.

నాలుగడుగులు! మొన్న మేడెక్కి తడిబట్టలు ఆరేసింది. ఆ పూట బాగానే ఉంది. మర్నాడు సాయంత్రానికి మంచం. తల దువ్వుకుందామని ఎత్తిన చెయ్యి సగంలోనే జారిపోతే దువ్వెన జుట్టులోనే వదిలేసి గోడకి జేరబడింది. అది మేం చూసేం. బావ చూసింది ఎకో కాగితం. 2021లో బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యమో చెప్పే నైస్ సంస్థే, ఈ జబ్బుకి రోజూ కొంత కొంత వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వొద్దని రాసింది. బావకి ఆ కాగితం అందలేదు పాపం.

ఆ ఎకో రిపోర్టు సంగతీ చెప్తాను. ఈఎఫ్ 62 శాతం. అంటే గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎన్నో వంతు బయటికి పోతోందని. వంతే సుమండీ! 120 మిల్లీలీటర్లు పట్టే గుండె 60 శాతం పంపితే 72. 90 పట్టే గుండె అదే 60 శాతం పంపితే 54. గుండిగలో సగమూ సగమే, గ్లాసులో సగమూ సగమే. పైగా ఎకో తీసేది ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టి. మా చెల్లి బాధ మొదలయ్యేది నిలబడ్డాక.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో డాక్టర్ జూలియా న్యూటన్ బృందం ఎమ్మారైతో చూసి 2016లో అచ్చేసింది. ఈ జబ్బున్నవాళ్ళ గుండె గదులు బాగున్నవాళ్ళ గదులకన్నా తక్కువ రక్తం పడుతున్నాయి. దానికి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, తగ్గడంతో లంకె కనపడింది గానీ, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదానితో కనపళ్ళేదు. మంచం మీద పడుంటే గుండె కుంచించుకుపోదా అనే మేధావులు ఇక్కడ కాస్త ఆగాలి. మంచమే కారణమైతే ఎక్కువేళ్ళు పడుకున్నవాళ్ళకి ఇంకా చిన్నదైపోవాలి కదా.

చిన్నదని ఎలా తెలిసింది? పక్కన పెట్టి చూడ్డానికి బాగున్న గుండె దొరకబట్టి. ఆ బాగున్నోడు కూడా ఎవడు పడితే వాడు పనికిరాడు. పొద్దున్నే మైళ్ళకి మైళ్ళు పరిగెత్తే కుర్రాణ్ణి తెస్తే ఎవరి గుండైనా చిన్నదిగానే కనిపిస్తుంది. కుర్చీలోంచి లేవని మామూలు మనిషి కావాలి. మా మేనల్లుడంత బద్ధకస్తుడు దొరకడం వాళ్ళ అదృష్టం.

"మనసు గట్టి చేసుకో" అన్నది బావ సొంత కవిత్వమేం కాదు లెండి. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో 292 మంది సిబ్బందికి ఇలాంటి జబ్బే వచ్చింది. ఆస్పత్రినే రెండు నెలలకి పైగా మూసేరు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు రోగుల్ని పరీక్షించకుండా పాత కేసు కాగితాలు తిరగేసి, పడ్డవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ కావడం ఓ కారణంగా చూపి, ఇది హిస్టీరియా, అంటే మనసు పుట్టించిన జబ్బు, అన్నారు. అంతకు ముందు ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నరాల జబ్బుల్లో చేర్చింది. అయినా ఆడదాని నీరసం కదా, ఎవడికి పట్టింది!

అసలీ నార్మల్ ఎవరి నార్మల్? 15 దేశాల్లో జబ్బులేని వాళ్ళ గుండెల్ని ఎకోతో కొలిచి 2019లో అచ్చేసేరు. ఎడమ జఠరిక, అదే రక్తాన్ని ఒంటికి పంపే గుండె గది, అన్నిటికన్నా పెద్దది ఆస్ట్రేలియావాళ్ళది, చిన్నది మన దేశంవాళ్ళది. మరి మా గజపతి జిల్లా ఆడమనిషి గుండె సరిగ్గా ఉందో లేదో చెప్పాలంటే గజపతి జిల్లా ఆడవాళ్ళనే కొలవాలి కదా. మమ్మల్నెవరు కొలుస్తారు? మేం ఎవరి లెక్కలో ఉన్నాం గనక?

"విశాఖ తిప్పి ఇంత ఖర్చు పెట్టేం" అని కూడా అన్నారు బావ. పెట్టేం అట! అసలు జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్ళం విశాఖ ఎందుకు పోవాలండీ? మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కణ్ణుంచి ఆంధ్రా. గిడుగు రామమూర్తి గారు పిల్లలకి పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మాది. 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశా. విశాఖలో ఆధార్ చూడగానే "ఒడిశానా, మీ ఆరోగ్య కార్డు ఇక్కడ చెల్లదు" అన్నారు అప్పట్లో. భువనేశ్వర్ పోతే నోరు తెరవగానే తెలుగోళ్ళం. అటూ కాం, ఇటూ కాం.

ఎకో తీయించిన రోజైతే మా చెల్లిని ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబెట్టేసేరు. నిలబడలేదు బాబూ, కళ్ళు తిరుగుతాయి, ఓ కుర్చీ ఇవ్వమంటే, ఆ కుర్రాడు తలెత్తకుండా "పేషెంటుకి నడక వచ్చు కదండీ" అన్నాడు. వెనకాల ఏసీ కింద రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. డాక్టరుగారి తాలూకువాళ్ళు వస్తారట, వాళ్ళకట.