అన్నం కాదుగా, టిఫినే కదా!

మహారాజశ్రీ టిఫిన్ గారికి,

బెజవాడ నుంచి ఒక పీసీఓఎస్ (హార్మోన్లు తేడా చేసి నెలసరి గతి తప్పే జబ్బు) పేషెంటు నమస్కరించి రాయునది. తమరి క్షేమం అడగక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి గానీ పొద్దున ఏడింటికి మీ ఆవిరి ఆగిన రోజు లేదు. నా సంగతే మనవి చేసుకోవాలి.

మా డాక్టరమ్మ స్కానింగూ రక్తపరీక్షలూ చూసి, చీటీ మీద "పిండి పదార్థాలు తగ్గించాలి" అని రాశారు. ఆ చీటీ మా వంటింటికి చేరేలోపు "అన్నం మానెయ్యాలి" అయిపోయింది. మరి పిల్ల ఏం తిని బతకాలి? ఇంకేముంది, తమరు దయచేశారు. పొద్దున ఇడ్లీ, సాయంత్రం అటుకుల ఉప్మా, రాత్రికి దోసెలు. "పాపం, అన్నం ముట్టుకోవడమే లేదండీ, మూడు పూటలా టిఫినే" అని మా అమ్మ చెబుతుంటే పక్కింటి పిన్నిగారు కళ్లొత్తుకున్నారు.

మీ గుండెధైర్యాన్ని మెచ్చుకోవాలి. మీ ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలియదనుకున్నారా? ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు వేస్తే రెండు గ్లాసుల రవ్వ వేస్తారు. ఆ రవ్వ మర పట్టించిన బియ్యమే కదండీ! దోసెల పిండిలో పప్పు ఒక పాలైతే బియ్యం రెండో మూడో పాళ్లు. అటుకులు వడ్లలోంచే వచ్చాయి. పునుగులు నిన్నటి పిండి మిగిలితే పుట్టిన సంతానం. మైసూర్ బజ్జీ ఊసెత్తితే మైదా తగువుకొస్తుంది. శనివారం రాత్రి వెంకన్న పేరు చెప్పి అన్నం మానేసి, ఇడ్లీలు అరడజను లాగించి "ఒంటిపూట ఉంటున్నాం" అంటాం చూడండి, స్వామివారు పెద్దమనసుతో ఊరుకుంటున్నారు గానీ నా ఒంట్లో ఇన్సులిన్ ఊరుకోవడం లేదు.

అదేం చేస్తుందో చెబుతాను, కాస్త సాంబారు పక్కన పెట్టి వినండి. తిన్న పిండి గ్లూకోజ్ అవుతుంది. దాన్ని కణాల్లోకి పంపడం ఇన్సులిన్ పని. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో కణాలు దాని మాట లెక్కచేయవు. దాంతో శరీరం ఇంకా ఇంకా ఇన్సులిన్ విడుదల చేస్తుంది. కణాల చెవికెక్కని ఆ కేక అండాశయాలకి మాత్రం బ్రహ్మాండంగా వినపడుతుంది. అవి మగ హార్మోన్లను ఎక్కువగా తయారు చేస్తాయి. ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రోటీనొకటి కాలేయంలో తయారవుతుంది. ఇన్సులిన్ పెరిగితే అదీ తగ్గిపోతుంది. ఇక నెలసరి దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, గడ్డం కింద వెంట్రుకలు మాత్రం ఠంచనుగా వస్తాయి.

మెడ సంగతి వేరే చెప్పాలి. ఇంటర్ రోజుల్లో నా మెడ వెనక నల్లగా, మందంగా ఒక చార కట్టింది. అది మురికనుకుని మా అమ్మ ఆదివారం ఆదివారం శనగపిండి, పసుపు, పెరుగు కలిపి, పీట మీద కూర్చోబెట్టి, బొటనవేలితో అదిమి మరీ రుద్దేది. చర్మం ఎర్రబడి మండేది, నలుపు మాత్రం కదిలేది కాదు. ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం అలా అవుతుందని తర్వాత తెలిసింది. ఆ శనగపిండితో అట్టు పోసి పెట్టినా కొంత ప్రయోజనం ఉండేది.

ఈ జబ్బు గురించి 1935లోనే షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. మా బంధువర్గానికి అంత శ్రమ అక్కర్లేకపోయింది. "పెళ్లి చేసేయండి, అదే సర్దుకుంటుంది" అని తేల్చేశారు. పెళ్లి చేస్తే మాత్రం? ఆ పందిట్లో పొద్దున్నే వడ్డించేది తమర్నే కదా.

మీ వంశంలో ఒక్క మర్యాదస్థుడున్నాడు, పెసరట్టు. వంద గ్రాముల పెసల్లో 20 గ్రాములకు పైగా ప్రోటీన్, పొట్టు తీయకపోతే పీచు కూడా. పిండిలో గుప్పెడు బియ్యం వేస్తేనే కరకరలాడుతుందని వాదిస్తారు. పెనం బాగా కాలనిస్తే బియ్యం లేకుండానే ఆడుతుంది. కానీ ఆయన్ని మీరు ఒంటరిగా ఎక్కడ తిరగనిస్తారు? కడుపులో ఉప్మా పెట్టి మరీ పంపిస్తారు.

ఈమధ్య మీరు మిల్లెట్ ఇడ్లీ అని బోర్డు మార్చారట. కొర్రలూ రాగులూ మంచివే, పీచు ఎక్కువ. అయినా వంద గ్రాములకి 60 గ్రాముల పైనే పిండి పదార్థం ఉంటుందని ఆ బోర్డు మీద ఎందుకు రాయలేదో?

ఇప్పుడు మా ఇంట్లో కొత్త ఏర్పాటు నడుస్తోంది. పొద్దున గుడ్లు, ఉప్మా లేని పెసరట్టు, పల్లీ చట్నీ. మధ్యాహ్నం ముందు దొండకాయో బెండకాయో కూర, గట్టిపప్పు, ఆ తర్వాతే కప్పు అన్నం, పెరుగు. అవును, అన్నమే. కప్పుతో కొలిచి వడ్డించిన అన్నం దాపరికం లేనిది, తమరిలా మారుపేర్లతో రాదు. రాత్రి తిన్నాక బందరు కాలవ గట్టు దాకా నడక. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం కాచుక్కూర్చోకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయట. డంబెల్స్ ఎత్తుతుంటే "ఆడపిల్లకి ఇదేం పని" అన్న మా మేనత్త, మోకాళ్ల నొప్పికి అదే వ్యాయామం రాయించుకుని వచ్చింది.

ఈ తిండొక్కటే మందు అని నేను చాటింపు వేయడం లేదు. పీసీఓఎస్ మీద వచ్చిన 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏ ఒక్క డైట్‌కీ కిరీటం పెట్టలేదు. ఒకప్పుడు ఊరూరా కొబ్బరినూనె తాగించిన ఉత్సాహం నాకు లేదు. ఇన్సులిన్ మాట కణాలు వినేలా చేసే మెట్‌ఫార్మిన్ మాత్ర డాక్టరమ్మ రాశారు, అది వేసుకుంటూనే ఉన్నాను. పిండి తగ్గించాక పదకొండింటికల్లా వచ్చే ఆ నీరసం పోయింది, నెలసరి ఒక దారికొచ్చింది. నాకు అది చాలు.

కాబట్టి అయ్యా, వారానికోసారి అతిథిగా రండి. రెండు ఇడ్లీలుగా వచ్చి, పల్లీ చట్నీ ఎక్కువ తెచ్చుకుని, మర్యాదగా వెళ్లండి. ఈసారి మాత్రం పథ్యం పేరు చెప్పుకుని లోపలికి రాకండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

తా.క.: ఈ ఉత్తరం నకలు మీ తమ్ముడు సేమ్యాకి కూడా పంపాను. ప్రస్తుతం పాయసంలో ఉన్నాననీ, తేలాక మాట్లాడతాననీ కబురు పెట్టాడు.