అరిచేవాడికే ముందు కడుతున్నాం, అక్కడే మునుగుతున్నాం

మొన్న మా వీధిలో ఒకాయన ఇంటికి తాళం వేసి రాత్రికి రాత్రే పెళ్ళాం పిల్లలతో వెళ్ళిపోయాడు. పొద్దున టీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే మాట, "అప్పులు చేసేటప్పుడు తెలీదా?" అని. నోరు మూసుకుని టీ తాగి వచ్చేశా కానీ కడుపు మండిపోయింది, అందుకే రాస్తున్నా. నాలుగేళ్ళ క్రితం ఆ తాళం నేను వేయాల్సింది.

నా పని తెలిస్తే మీరు నవ్వుతారు. అనంతపురం పాతఊర్లో ఇరవై షాపులకు జీఎస్టీ లెక్కలు రాస్తా. ఊరందరి పద్దులూ రాసేవాడిని, నా అప్పులు మాత్రం ఒక్కసారి కూడా కాగితం మీద పెట్టలేదు. రాస్తే ఎంతో తెలిసిపోతుందని భయం, అంతే.

మొదలు మన జిల్లాలో అందరికీ తెలిసిందే, బోర్లు. కళ్యాణదుర్గం దగ్గర నాయన పొలంలో రెండు వేయిస్తే రెంటిలోనూ దుమ్మే లేచింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అది కూడా నమ్మకం లేదు, ఇంక భూమిలో నీళ్ళెక్కడివి. దానికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షల ప్రోనోటు, ఆ వడ్డీ కట్టడానికి క్రెడిట్ కార్డు, కార్డు కట్టడానికి డైలీ ఫైనాన్సు, దానికోసం ఫోన్లో రెండు లోన్ యాప్‌లు. ఎత్తేసిన చీటీ, బ్యాంకులో నగలు, నాయన పేరు మీద పంట రుణం ఎటూ ఉన్నవే.

మరి ఎవరికి కట్టేవాడినో చూడండి. యాప్ వాడు నా ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ పెడతానంటాడు, ముందు వాడికి. డైలీ వాడు సాయంత్రం నేను కూర్చున్న షాపు ముందు బండి ఆపి హారన్ కొడతాడు, తర్వాత వాడికి. బ్యాంకు మర్యాదగా ఒక నోటీసు పంపుతుంది, అది టీవీ వెనకాల పెట్టేసేవాడిని. ఆ నోటీసు మా ఆవిడ నగలు వేలం వేస్తామని! అరిచేవాడికి డబ్బు, అరవనివాడికి రేపు.

చివరికి బ్యాంకుకు పోతే అక్కడి క్లర్కు, "సార్, పైన రూములో రిటైరైన మేనేజరు కూర్చుంటాడు, అప్పుల గురించి మాట్లాడతాడు, ఫీజు లేదు, ఒకసారి పోయి రాండి" అన్నాడు. అప్పున్నోడికి కావాల్సింది డబ్బు గానీ సలహా ఏందప్పా అనుకుంటూనే మెట్లెక్కా. కూర్చోగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇంట్లో తెలుసా?" కొంచెం తెలుసు సార్ అన్నా. "అయితే రేపు ఇద్దరూ రాండి, కాగితాలన్నీ తీసుకోని" అని పంపించేశాడు.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పడం కంటే డైలీ వాడి హారనే నయం అనిపించింది. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి బీరువాలోంచి పొదుపు సంఘం పుస్తకం తెచ్చి నా ముందర పెట్టింది. నలభై వేల అప్పు. నేను ఇల్లు గడవడానికి ఇచ్చేది చాలక, అడిగితే నేను అరుస్తానని, నాకు తెలీకుండా తీసుకుందంట. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికి తెలీకుండా ఒకరం అప్పు దాచుకున్నాం.

మరుసటి రోజు ఆయన తెల్లకాగితం మీద గీతలు గీసి, రాయడం మాత్రం నాతోనే చేయించాడు. నేను నాలుగు లక్షలనుకుంటున్నది 7,08,000 తేలింది. తర్వాత ప్రతి అప్పు పక్కన నెలకు నూటికి ఎన్ని రూపాయలు పడుతోందో రాయమన్నాడు. డైలీ ఫైనాన్సులో పది వేలని చెప్పి చేతికి 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. 1,500 ఏ కదా అనిపిస్తుంది, కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క కడితే దగ్గర దగ్గర పది రూపాయల వడ్డీ. పది! ఊర్లో ఎవడైనా నోటితో అడిగితే కొట్టడానికి పోతాం. కార్డులో లక్ష బాకీ మీద నెలకు మూడున్నర శాతం, అంటే 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మినిమమ్ డ్యూ అని 5,000 కడితే అసలులో తగ్గేది 870 రూపాయలు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే నాకు నా బిల్లులో ఆ 630 కనపడలేదు. నేను నోటీసు దాచేసిన నగల అప్పుకు రూపాయి వడ్డీ కూడా లేదు.

ఇంట్లో మిగిలిన హారం అమ్మేద్దామన్నది మా ఆవిడే, ఆయన ఆ మాట ఎత్తలేదు. దాంతో డైలీ, యాప్‌లు, కార్డు తీరిపోయాయి, నగలకు వడ్డీ కట్టి వేలం ఆపించాం. ప్రోనోటు పెద్దాయన ఇంటికి ఇద్దరం పోయి ఉన్నదున్నట్టు చెప్తే మూడు రూపాయల నుంచి రెండుకు దిగాడు. నేనొక్కడినే పోయుంటే కచ్చితంగా ఇంకో అబద్ధం చెప్పి వచ్చేవాడిని. కరువు మండలంగా ప్రకటిస్తే పంట రుణం గడువు పెంచమని బ్యాంకును అడగొచ్చని మాకు అప్పటిదాకా తెలీదు. పొద్దున 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో గట్టిగా చెప్పిందనీ తెలీదు. అప్పిచ్చిన కంపెనీకి రాసిన ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

నా కోపమల్లా ఒక్కటే. బ్యాంకులు ఉచితంగా అప్పుల కౌన్సెలింగ్ కేంద్రాలు పెట్టాలని రిజర్వు బ్యాంకు 2009లోనే పథకం ఇచ్చింది. నేను పోయిన దానికి కింద బోర్డు కూడా లేదు. ఊర్లలో క్యాంపులు పెడతారు, ఖాతా తెరవండి, ఇన్సూరెన్సు తీసుకోండి అంటారు, ఫోటో దిగి పోతారు. నీ అప్పులెన్ని నాయనా అని అడిగినోణ్ణి నేనైతే ఏ క్యాంపులోనూ చూడలేదు.

ఈ సందులో దూరింది సెటిల్‌మెంట్ గాళ్ళు. నా స్నేహితుడికి ఒకడు ఫోన్ చేసి, కిస్తీలు ఆపేయ్ అన్నా, సగానికి మాఫీ చేయిస్తా, ఫీజు పదిహేను వేలు ముందే అన్నాడు. ఫీజు పోయింది, ఫోను ఎత్తడం మానేశాడు, ఆపిన కిస్తీల మీద పెనాల్టీలు పడ్డాయి. నిజంగా బ్యాంకుతో సెటిల్ చేసుకున్నా మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత కొత్త లోను పుట్టడం కష్టం. ఆ ముక్క ముందే చెప్పేవాడు కౌన్సెలరు, ఫీజు ముందే అడిగేవాడు దొంగ.

కౌన్సెలింగ్‌తో బోర్లో నీళ్ళు పడవు, ఆ మాట కూడా ఒప్పుకుంటా. సంపాదనే లేనివాడికి కాగితం మీద గీతలు గీసి ఏం లాభం? కానీ నాలాగా నెలకు ఇంతని వస్తూ కూడా మునిగిపోతున్నవాళ్ళు ఈ ఊర్లో ఎంతమంది ఉన్నారో నాకు వాళ్ళ పద్దుల్లోనే కనపడుతుంది. మీ బ్యాంకులో అడగండి, తెలీదంటే జిల్లాలో బ్యాంకులన్నిటినీ కలిపి చూసుకునే లీడ్ బ్యాంకు మేనేజరు ఆఫీసుకు పోయి అడగండి. నా చీటీ అయిపోయింది, ప్రోనోటులో సగం మిగిలింది, ఆ కాగితం ఇప్పటికీ బీరువా తలుపుకు లోపల అంటించే ఉంది.

తాళం వేసి పోయినాయన ఫోను రెండు రోజులుగా స్విచ్ఛాఫ్ వస్తోంది. మీలో ఎవరికైనా దొరికితే నాకు ఒకసారి ఫోన్ చేయమనండి. ఆవిడను కూడా పక్కన కూర్చోబెట్టుకుని.