నిరాడంబరతకు ముందస్తు బుకింగ్

నిరాడంబరంగా బతకడం ఆషామాషీ వ్యవహారం కాదు. దానికి నెలల ముందు నుంచి ఏర్పాట్లు చేసుకోవాలి, బయానా కట్టాలి, రద్దు చేసుకుంటే తిరిగి వచ్చేదెంత, నీళ్లలో పోసేదెంత అన్న నిబంధనలు కళ్లద్దాలు పెట్టుకుని చదవాలి. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సత్యం ఏటా ఫిబ్రవరిలో బోధపడుతుంది. బయట ముసురు, లోపల హీటరు బిల్లు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక వదినగారు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. చెట్ల మధ్య దుంగలతో కట్టిన చిన్న ఇల్లు, ముందు వరండా, వరండాలో పొగలు కక్కుతున్న హాట్ టబ్. కింద ఒకే వాక్యం: "ఈసారి హడావుడి లేకుండా, ప్రశాంతంగా, ఐల్ ఆఫ్ వైట్." ఆ క్షణం నుంచి ఆగస్టు దాకా ఆ గ్రూపులో ప్రశాంతత మళ్లీ కనిపిస్తే ఒట్టు.

ఇంత గంభీరమైన విషయాన్ని మన మేధావులు పట్టించుకోకపోవడం విచారకరం. ఎవరో ఒకరు పూనుకోవాలి గనక ఆ భారం నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

ముందుగా భూగోళం. ఐల్ ఆఫ్ వైట్ ఇంగ్లండు దక్షిణ తీరాన్ని ఆనుకుని ఉన్న ద్వీపం. విస్తీర్ణం సుమారు 380 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 1,40,000. ప్రధాన భూభాగానికీ దానికీ మధ్య సోలెంట్ అనే జలసంధి. ఒడ్డున నిలబడితే అవతలి కొండలు కంటికి ఆనుతాయి. కానీ వంతెన లేదు, సొరంగం లేదు. కారుతో వెళ్లాలంటే ఫెర్రీ ఎక్కాల్సిందే. దాని టికెట్టు ధర వారాన్ని బట్టి, గంటను బట్టి, బడులకు సెలవులున్నాయా లేవా అన్నదాన్ని బట్టి మారుతుంది. విదేశాలకు వెళ్లిన పిల్లలు రాహుకాలం, వర్జ్యం చూడటం మానేశారని ఊళ్లో కుమిలిపోయే పెద్దలు ఇక ఊరట చెందవచ్చు. శనివారం మధ్యాహ్నం ప్రయాణం ధననష్టమని, మంగళవారం తెల్లవారుజామున శుభమని, ఇప్పుడు వాళ్ల పిల్లలు ఫోను చూసి చెప్పగలరు. నూరు యోజనాల సముద్రాన్ని హనుమంతుడు టికెట్టు లేకుండా దాటాడు గనక కథ సుందరకాండ దాకా సాగింది. సోలెంట్ దాటాల్సి వచ్చి ఉంటే కిష్కింధలోనే చందాలు పోగుచేయాల్సి వచ్చేది.

ప్రధాన భూభాగం మీది సౌత్‌సీ నుంచి ద్వీపంలోని రైడ్‌కు హోవర్‌క్రాఫ్ట్ కూడా ఉంది. నీటి మీద గాలిమెత్త వేసుకుని పది నిమిషాల్లో దాటిస్తుంది. అయితే అందులో కారు పట్టదు. కారు లేకపోతే కుక్కరు, సోనామసూరి బియ్యం, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీ ఎలా వస్తాయి? కనుక నిరాడంబర జీవనానికి ఆ మార్గం పనికిరాదని తీర్మానమైంది.

ఆగస్టే ఎందుకు, జూన్‌లో చవకగా దొరుకుతుంది కదా అని అడిగే అమాయకులు ఎప్పుడూ ఉంటారు. ఇంగ్లండులో బడి నడిచే రోజుల్లో అనుమతి లేకుండా పిల్లల్ని విహారానికి తీసుకెళ్తే జరిమానా. 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్ల లెక్కన తల్లికీ, తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు; ఇరవై ఒక్క రోజుల్లో కట్టకపోతే 160. ఇద్దరు పిల్లలున్న దంపతులకు తక్కువలో తక్కువ 320 పౌండ్లన్నమాట. జూన్ అద్దెకు ఈ జరిమానా కలిపినా ఆగస్టు అద్దె కంటే తక్కువేనని లెక్క వేసి చూపే బావగారు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. ఆయన తెలివికి అందరూ ముచ్చటపడతారు గాని వెంట నడవరు. ఈ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా పోరాడింది సాక్షాత్తూ ఐల్ ఆఫ్ వైట్ తండ్రే కావడం గమనార్హం. 2015లో కూతుర్ని బడి మాన్పించి ఫ్లోరిడా తీసుకెళ్లినందుకు 120 పౌండ్లు కట్టమంటే ఆయన ససేమిరా అన్నాడు. కింది కోర్టుల్లో నెగ్గి, 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. న్యాయసూత్రాల సంగతి పెద్దలు తేలుస్తారు. మనం గమనించాల్సింది ఒక్కటే: మనం ఆరాటపడి వెళ్లే ద్వీపంలో కాపురముండేవాళ్లు విహారానికి ఫ్లోరిడా వెళ్తున్నారు.

ఇక అసలు విషయం, లాగ్ క్యాబిన్. దుంగలు, చెక్కలు, పైన్ వాసన, అడవి మనిషి జీవనం. ఇది ఇల్లు అని మీరు అనుకుంటారు. చట్టం అలా అనుకోవడం లేదు. విహార పార్కుల్లో నిలబెట్టే ఇలాంటి క్యాబిన్లలో చాలావాటిని చట్టం కారవాన్‌గానే, అంటే బండికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లుగానే లెక్కిస్తుంది. 1968 నాటి కారవాన్ సైట్స్ చట్టం ప్రకారం రెండు ముక్కలుగా తెచ్చి అక్కడే బిగించినా సరే, పొడవు 20 మీటర్లు, వెడల్పు 6.8 మీటర్లు, లోపలి ఎత్తు 3.05 మీటర్లు దాటకుండా ఉండి, బిగించాక రోడ్డు మీద తరలించగలిగేలా ఉంటే అది కారవానే. ఎవరూ తరలించరు. తరలించగలగాలి, అంతే. స్థలానికి అనుమతులు, లైసెన్సు కావాలి గాని, ఇల్లు కడితే మెడకు చుట్టుకునే నిర్మాణ నిబంధనల బెడద ఉండదు. అంటే నాలుగు కుటుంబాలు పోగై, నెలల తరబడి ఓటింగులు పెట్టుకుని, అలకలు తీర్చుకుని, చివరికి అద్దెకు తీసుకున్నది చక్రాలు కనిపించని బండి. ఈ ముక్క మా గ్రూపులో పెట్టినప్పుడు ఎవరూ స్పందించలేదు. ఒక అక్క మాత్రం చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

లోపల సదుపాయాలు ఏ లోటూ లేకుండా ఉంటాయి. వైన్ గ్లాసులు ఆరు, సీసా మూత తీసే సాధనాలు రెండు, మొద్దుబారిన కత్తి ఒకటి, గరిట లేదు. వంటగది, హాలు ఒకటే గది. పొయ్యికి సరిగ్గా ఎదురుగా కప్పులో తెల్లటి పొగ అలారం. మొదటి రాత్రి పప్పులోకి పోపు పెట్టాలి. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు నల్లబడే లోపు కరివేపాకు పడింది. అంతే, యుద్ధకాలపు సైరన్. "అన్నయ్యగారూ, తలుపు తియ్యండి!" అని ఒక కేక. పోపు మూకుడు పట్టకారుతో పట్టుకుని వరండాలోకి వదినగారి పరుగు. కుర్చీ ఎక్కి తువ్వాలుతో కప్పుకు విసురుతున్న బావగారు. పక్క క్యాబిన్ నుంచి కుక్కతో పాటు బయటికొచ్చిన పెద్దమనిషి, ఎంతో మర్యాదగా, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగి, మూకుడు వంక చూసి, వాతావరణం బాగుందని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు వాన పడుతోంది.

నిరాడంబర విహారమనే ఈ సంప్రదాయానికి రాజముద్ర ఉందని మరవకూడదు. విక్టోరియా రాణి, ఆల్బర్ట్ దంపతులు రాజభవనాల హడావుడికి దూరంగా కుటుంబంతో ప్రశాంతంగా గడపాలని 1845లో ఈ ద్వీపంలో ఆస్బోర్న్ ఎస్టేటు కొన్నారు. ప్రశాంతత కోసం అక్కడున్న ఇల్లు సరిపోదని ఇటలీ పద్ధతిలో గోపురాలతో పెద్ద భవనం కట్టించారు. అది పూర్తయ్యేసరికి 1851 వచ్చింది. అప్పటికీ పిల్లలకు సామాన్య జీవితం తెలియడం లేదని అనిపించింది కాబోలు, తోటలో ఆల్ప్స్ పర్వతాల తరహా కొయ్య ఇల్లు వేయించారు. 1854 నాటికి సిద్ధమైన ఆ స్విస్ కాటేజీలో పిల్లల ఎత్తుకు తగ్గ పొయ్యి ఉంది, రాకుమార్తెలు వంట నేర్చుకున్నారు. ఒక్కొక్కరికీ పేరులోని అక్షరాలు రాసిన తోపుడుబండి ఉంది. పండించిన కూరగాయలను తండ్రి బజారు ధరకు కొనేవాడు. ఇంతకంటే సంపూర్ణమైన లాగ్ క్యాబిన్ విహారం నాకు తెలియదు: బొబ్బ ఎక్కేదాకా శ్రమ, ఆపైన కాస్త నడిస్తే రాజభవనం. అక్కడితో ఆగారా? 1890 ప్రాంతంలో విందుల కోసం దర్బార్ గది కావలసి వచ్చింది. లాహోరు నుంచి శిల్పి భాయ్ రామ్‌సింగ్ వచ్చి కప్పు నుంచి గోడల దాకా మన దేశపు నగిషీలతో, పొయ్యి పైన నెమలితో నింపేశారు. ఆయన పనితనం ముందు నోట మాట రాదు. కానీ సెలవులకు వెళ్లిన చోట దర్బారు పెట్టుకున్న రాణిగారిని తలచుకుంటే, క్యాబిన్‌కు మిక్సీ మోసుకెళ్లే మనవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ మిగలదు.

రాణికి ముందు మరో రాజుగారు కూడా వచ్చారు. అంతర్యుద్ధంలో ఓడి పట్టుబడిన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ 1647 నవంబరులో లండన్ దగ్గర కాపలా తప్పించుకుని, ద్వీపం గవర్నరు తనవాడేనన్న భరోసాతో ఇక్కడికి వచ్చి కారిస్‌బ్రూక్ కోటలో బందీ అయ్యాడు. పూర్వ అతిథుల అభిప్రాయాలు చదవకుండా బస ఎంచుకుంటే ఇంతే. మరుసటి మార్చిలో కిటికీ చువ్వల సందులోంచి పారిపోబోయాడు. తల పట్టింది, మనిషి పట్టలేదు.

చూడాల్సిన ప్రదేశాల పట్టికలో మొదటిది నీడిల్స్, అంటే సూదులు. పడమటి కొసన సముద్రంలోంచి లేచిన తెల్లటి సుద్దరాళ్లు. మూడే ఉన్నాయి, మూడూ మొద్దుగానే ఉన్నాయి. నిజంగా సూదిలా నిలిచిన నాలుగోది 1764 తుపానులో కూలిపోయింది, పేరు మాత్రం అలాగే ఉంచేశారు. పిల్లలు సూది ఏదీ అని అడుగుతారు. రెండున్నర శతాబ్దాలు ఆలస్యంగా వచ్చామని నిజాయతీగా చెప్పండి. ఆ వంకన తీగకు వేలాడే కుర్చీల చైర్‌లిఫ్టులో రెండోసారి ఎక్కుతామని మారాం చేస్తే మాత్రం లొంగవద్దు, దానికి టికెట్టు వేరే. పైగా సాయంత్రం ఫెర్రీకి ముందుగానే వెళ్లి వరుసలో ఉండాలి.