మహారాజశ్రీ తమ్మపడిగ గారి దివ్యసముఖమునకు

నంది కొండల దిగువన ద్రాక్షతోటలో, వైన్ రుచులు చూసే బల్లకు కుడి పక్కన ఉమ్ము పట్టేందుకు కొలువుదీరి ఉండే మహారాజశ్రీ తమ్మపడిగ గారికి, నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంత వాస్తవ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఎవరెవరో పుక్కిలించి పోసినదంతా దిగమింగుతూ కూడా తమరి కడుపు చల్లగానే ఉందని తలుస్తాను.

తమరికి మేము గుర్తుండకపోవచ్చు. రోజూ ఎంతమంది పెద్దమనుషులు తమరి ముందు తల వంచుతారో! ఆ శనివారం తల వంచని ముసలాయన ఒకరున్నారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆయన మా పెద్దనాన్న. మోకాళ్లు మొరాయించేదాకా తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు "పెద్దనాన్నా, నీకు ద్రాక్షకల్లు చూపిస్తాను" అని పిలిస్తే, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరి, 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని వచ్చాం. తోటలోకి వెళ్లడానికి టికెట్టు ఉంటుందని ఆయనకు తెలియదు. ధర విని, "ఎన్ని లొట్లు ఇస్తారు?" అని అడిగారు. తమ్ముడు మాట మార్చాడు. పొడుగు కాడ గ్లాసు అడుగున గుక్కెడు పోసి ముందు పెట్టాక ఆయన మళ్లీ అడగలేదు.

ఆ గుక్కెడుకు జరిగిన మర్యాదలు చూశారు కదా, తమరు అక్కడే ఉన్నారు. మొదట గ్లాసును వంచి తెల్ల గుడ్డ మీద రంగు చూడాలి. తర్వాత గిరగిరా తిప్పాలి. గ్లాసు గోడల మీద సన్నటి ధారలు దిగుతాయి, వాటిని కన్నీళ్లు అంటారు. నీటికన్నా ఆల్కహాలు త్వరగా ఆవిరై, మిగిలిన తడిని పైకి లాగి కిందికి వదలడం వల్ల ఏర్పడే గీతలవి. నాణ్యతకు వాటికి పెద్ద సంబంధం లేదు. అయినా మా పక్కన నిలబడిన జంట ఆ కన్నీళ్లను చూసి "అబ్బ" అన్నారు. ఆ తర్వాత ముక్కు గ్లాసులో పెట్టాలి. చెప్పే కుర్రవాడు ఒక్కొక్క వాసనకూ పేరు పెట్టాడు: ఇది పొగాకు, ఇది పాత తోలు, ఇది తడిసిన రాయి. సోవిన్యోఁ బ్లాఁ అనే తెల్ల ద్రాక్ష వైన్ దగ్గరికి వచ్చేసరికి కొంచెం సిగ్గుపడుతూనే, దీని గురించి చెప్పేటప్పుడు రసికులు పిల్లి మూత్రాన్ని కూడా తలుచుకుంటారన్నాడు. అతను కల్పించింది కాదు, ఆ ద్రాక్షకు ఆ పేరు లోకమంతా ఉంది. మా ఊళ్లో ఎవరైనా గౌడన్న దగ్గర నిలబడి "నీ కల్లు పిల్లి ఉచ్చ వాసన వస్తోంది" అంటే ఆ పూటకు పంచాయితీ తప్పదు. ఇక్కడ అదే మాటకు టికెట్టు.

అప్పుడు తమరి ప్రస్తావన వచ్చింది. నోట్లో తిప్పాక ఇందులో ఉమ్మేయవచ్చని కుర్రవాడు తమరిని సగౌరవంగా పరిచయం చేశాడు.

పెద్దనాన్న తమ్ముడి వైపు తిరిగి, "అడుగు బిడ్డా. బాగాలేకపోతే ఉమ్మాలా, బాగున్నా ఉమ్మాలా?" అన్నారు.

బాగున్నా ఉమ్మవచ్చని జవాబు వచ్చింది. ఆయన చాలాసేపు తమరి వైపే చూశారు. ఆ చూపులో కోపం లేదు. పెళ్లింట్లో విస్తరి నిండా వడ్డించుకుని చెయ్యి కడిగేసుకున్న మనిషిని చూసినట్టు చూశారు.

తమరి వృత్తిధర్మం నాకు తెలియనిది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పదుల కొద్దీ వైన్లకు మార్కులు వేసేవాళ్లు, మింగుతూ పోతే మధ్యాహ్నానికే ఏది ఏదో పోల్చుకోలేరు. నూటికి పన్నెండు, పదమూడు పాళ్లు మత్తు ఉన్న సరుకు అది. వాళ్లకు తమరు అవసరమే. కానీ సెలవు రోజున కారేసుకుని వచ్చి, అయిదు గుక్కలకు టికెట్టు కొని, అందులో మూడు తమరికి సమర్పించి, ఫోటో దిగి వెళ్లేవారికి తమరితో ఏం పని? మా వైపు తాగే ముందు కొంచెం నేల మీద సాక పోస్తాం. అది ఎల్లమ్మకో మైసమ్మకో చెందుతుంది. పుక్కిలించాక పోసే సాక ఏ దేవతకు చెందుతుందో నాకు తెలియలేదు. తమరి పూర్వీకులు హైదరాబాదు దేవిడీలలో ఉగాల్దాన్ పేరుతో నవాబుల పాన్ రసం పట్టేవారట. అప్పుడూ ఉమ్మేది ఒకరు, పట్టుకుని నిలబడేది మరొకరు.

మూడో గ్లాసు దగ్గర జరిగినది తమరికి తప్పక గుర్తుంటుంది. ఎర్ర వైన్. కుర్రవాడు నల్ల రేగుపండ్లు, మిరియాలు, ఇంకేదో చెబుతున్నాడు. పెద్దనాన్న వాసన చూసి, నాలుక కొసకు తగిలించి, గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఇది మూత తీసి రెండో రోజు. గాలి తగిలి పులుపు తిరుగుతోంది" అన్నారు. తమ్ముడు మొహమాటపడుతూ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. కుర్రవాడు నవ్వి, సీసా ఎత్తి చూసి, లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి, కొత్త సీసా పట్టుకొచ్చాడు. పాతది ముందు రోజు తెరిచిందే. అతని కోటు మీద రుచులు చూడటంలో శిక్షణ పొందినట్టు బిళ్ల ఒకటి మెరుస్తోంది. పెద్దనాన్నకు బిళ్ల లేదు. చొక్కా గుండీలు విప్పితే ఛాతీ మీద తాటి బెరడు రాసుకుని నల్లగా కాయకట్టిన మచ్చ ఉంది. పోతుతాటి కల్లు ఏది, పండుతాటిది ఏది, పొద్దున దించింది ఏది, లొట్టి సరిగా కడగకుండా కట్టింది ఏది, ఆయన వాసన చూసి చెబుతారు. ఆ విద్యను మా జిల్లాలో ఎవరూ విద్య అనలేదు. తాగుబోతుతనం అన్నారు.

బిళ్లల సంగతి వచ్చింది కనుక చిన్న కబురు. 2001లో అచ్చయిన ఒక పరిశోధన కోసం ఫ్రాన్సులోని బోర్డోలో పరిశోధకులు తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి, వైన్ విద్య చదువుకుంటున్న 54 మందికి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ఆ రోజు అక్కడ తమరి బంధువులెవరైనా ఉండి ఉంటే నవ్వు ఆపుకోలేకపోయి ఉంటారు. నాలుక కన్నా కన్ను ముందు తాగుతుంది. కన్ను కన్నా ముందు టికెట్టు ధర తాగుతుందని నా అనుమానం.

ఇక నేల రుచి. కుర్రవాడు దీని మీద చాలాసేపు మాట్లాడాడు. తోట కింద గ్రానైటు ఉందట, ఆ రాతి స్వభావం గ్లాసులోకి దిగుతుందట, నాలుక చివర ఖనిజం తగులుతుందట. అందరూ కళ్లు మూసుకుని ఆ ఖనిజాన్ని వెతుక్కున్నారు. అయ్యా, నల్లగొండ వాళ్లకు కళ్లు మూసుకునే పని లేదు. మా కిందా గ్రానైటే ఉంది. ఆ రాతిలోని ఫ్లోరైడు బోరు నీళ్లలోకి దిగి తరాల తరబడి మా నాలుకకే కాదు, ఎముకలకూ తగిలింది. తాగే నీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాటకూడదు అంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఎన్నో బోర్లలో అది ఆ హద్దును ఎప్పుడో దాటింది. పళ్లు గారపట్టాయి, నడుములు వంగాయి, కాళ్లు వంకర్లు పోయాయి. షాంపేన్ అన్నది ఒక ప్రాంతం పేరు, బోర్డో ఒక నగరం పేరు. ఆ ఊళ్ల పేర్లు సీసాల మీదికి ఎక్కాయి. మా ఊరి పేరు కూడా ప్రపంచానికి ఎక్కింది: పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తీసే పద్ధతిని శాస్త్రవేత్తలు నల్లగొండ పద్ధతి అంటారు. నేల రుచి ఒంటికి పట్టినవాళ్లు ఎలా ఉంటారో చూడాలనుకుంటే ఏ సోమవారమైనా మర్రిగూడ వైపు రండి. టికెట్టు లేదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వస్తున్నాయి గనుక రాతి రుచి తగ్గింది. వంగిన నడుములు మాత్రం అలాగే ఉన్నాయి.

సర్కారు వారి రుచి కూడా వింతదే. కర్ణాటక 2007లోనే వైన్‌కు ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చి, ఒక బోర్డు పెట్టింది. అదే రోజుల్లో మా హైదరాబాదులో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014 దాకా తెరుచుకోలేదు. చెట్టు మీది నుంచి జారిపడకుండా గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం ఇవ్వాలని తోచింది 2024లో. అప్పటికి మా పెద్దనాన్న చెట్టు దిగి చాలా కాలమైంది.

అయినా మా వైపు అంతా పాలనురుగేనని తమరి దగ్గర బుకాయించను. ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. చెట్టు మీద లొట్టిలో ఉండగానే కల్లు తనంతట తాను పులియడం మొదలవుతుంది. గాలిలోని ఈస్టు చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు. దాని మత్తు నూటికి నాలుగైదు పాళ్లు. కానీ చెట్లు తక్కువ, తాగేవారు ఎక్కువ. అందుకని పాలమూరు వైపు దుకాణాల్లో నీళ్లలో చక్కెర, దాని మీద క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి కల్లు అని అమ్మినవారు ఉన్నారు. 2015లో అబ్కారీ దాడులు ముమ్మరమై ఆ సరుకు దొరకనప్పుడు, చేతులు వణుకుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ, నిద్ర పట్టక మనుషులు ఆసుపత్రులకు వరుస కట్టారు. పొద్దంతా రాళ్లు మోసి, మట్టి తవ్వి వచ్చిన కూలీ మనిషి ఆ గ్లాసు ఎత్తుతాడు. వాసన చూడడు, తిప్పడు, కన్నీళ్లు చూడడు. గటగటా తాగేస్తాడు.

నిజంగా ఉమ్మేయవలసిన సరుకు ఇక్కడ ఉంది, తమరేమో అక్కడ మంచి సరుకు మింగుతూ కూర్చున్నారు. కనుక నా మనవి ఏమిటంటే, తమరు బదిలీకి దరఖాస్తు పెట్టుకోండి. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే బస్సు ఏదైనా సరే, జడ్చర్లలో దిగండి. ఒక్కరే కాక అన్నదమ్ములను, పిన్నమ్మ పిల్లలను కూడా వెంటబెట్టుకుని రండి, దుకాణానికి ఒకరు చొప్పున కావాలి. ఈగలు ఎక్కువ కనుక మూతలు తెచ్చుకోవడం మరవకండి. జీతభత్యాల మాట అబ్కారీ శాఖతో నేను మాట్లాడతాను.

బస మాత్రం వేరే చోట చూసుకోవాలి. మా తాటివనంలో ఉంచుదామంటే పెద్దనాన్న ససేమిరా అంటున్నారు. తాను గీసిన కల్లు దగ్గర తమరికి పని పడదట.

ఇట్లు,
తమరిలో ఒక్క చుక్కా వేయని
దేవరకొండవాసి